వట్టికాళ్ళ సాము

'సాము' అన్న మాట సంస్కృతంలోని 'శ్రమ' శబ్దానికి వికృతి. శ్రమ అంటే ఇప్పుడు మనకు అలసట, కష్టం అనే అర్థాలే స్ఫురిస్తాయి గాని, పూర్వం ఆయుధాభ్యాసానికీ దేహపరిశ్రమకూ కూడా అదే పేరు. సాము చేసే చోటు 'గరిడి'. కన్నడిగులు 'గరడి' అంటారు. తరువాత నవాబుల ఏలుబడిలో పారసీక పదాలు వచ్చి కలిసి, గరిడి కాస్తా 'తాలింఖానా' అయింది. 'తాలీం' అరబ్బీ మాట, విద్య నేర్పడం అని అర్థం. 'ఖానా' అంటే ఇల్లు. వ్యుత్పత్తిని బట్టి చూస్తే తాలింఖానా అంటే అచ్చంగా బడి! మూడు దశాబ్దాలు బడిపంతులుగా బ్రతికినవాణ్ణి గనుక ఈ మాట నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇన్ని మాటలున్నా 'వట్టికాళ్ళతో సాము' అని ప్రత్యేకంగా చెప్పే మాట మన భాషలో లేదు. ఉండవలసిన అవసరం రాలేదు. చెప్పులు గుమ్మం బయటి వస్తువు, సాము గుమ్మం లోపలిదో గోదాలోదో. చెప్పులతో దండేలు తీసేవాణ్ణి చూస్తే మన తాతలు నవ్వేవారు. బూటు వేసుకొని వ్యాయామం చేయడం అలవాటైన తరువాతనే వట్టికాళ్ళతో చేయడమనేది ఒక ప్రత్యేక విషయమైంది. మా జి. కొండూరులో కూడా ఇప్పుడు కుర్రవాళ్ళు ఇంట్లో కసరత్తు చేయడానికి బూట్లు కొంటున్నారు. మరికొందరు బూట్లు వదిలేయడమే ఆరోగ్యమని చరవాణిలో వీడియోలు చూసి నాకు చెబుతున్నారు. ఈ రెండు పక్షాలవారూ పాదాన్ని గూర్చే మాట్లాడుతున్నారు గాని, పాదం క్రింద ఉన్న నేలను గూర్చి మాట్లాడడం లేదు. నా దృష్టిలో ఈ చరిత్ర అంతా నేల చరిత్ర.

ముందు గోదా సంగతి. గోదా అంటే కేవలం గుంట కాదు. మట్టిని తవ్వి, రాళ్ళూ పెంకులూ ఏరి, జల్లెడ పట్టి, పసుపూ నూనే మజ్జిగా వంటివి కలిపి, రోజూ త్రవ్వి గుల్ల చేసి, నీళ్ళు చల్లి ఉంచేవారు. కొత్తగా చేరిన కుర్రవానికి ముందు పలుగూ పారా ఇచ్చేవారు, ఆ తరువాతనే పట్లు. మట్టి త్రవ్వడమే మొదటి పాఠం. అటువంటి నేల మీద పడితే దెబ్బ తగలదు, అడుగు వేస్తే పాదం కొంచెం దిగుతుంది, వ్రేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. పాదరక్ష అక్కడ అక్కరలేదు, ఎందుకంటే నేలే పాదరక్ష.

ఇళ్ళలో చూస్తే, నా చిన్నతనంలో, అంటే 1960లలో, మా ప్రాంతపు ఇళ్ళు చాలావరకు మట్టి నేలలే. వారానికొకసారి పేడతో అలికేవారు. కలిగిన ఇళ్ళలో సున్నపు గచ్చు. తరువాత మాచర్ల రాళ్ళు, నాపరాళ్ళు వచ్చాయి. ఆపై సిమెంటు, ఆపై మొజాయిక్, పాలరాయి, ఇప్పుడు అద్దంలా మెరిసే టైల్స్. ఒక్క మనిషి ఆయుష్షులో ఇంటి నేల ఇన్ని మార్పులు చెందింది. పేడతో అలికిన నేల మీద వంద బస్కీలు తీసిన తాతగారి ఉపదేశాన్ని మనుమడు టైల్స్ మీద ఆచరిస్తున్నాడు. ఉపదేశం అదే, మడమకు తగిలే దెబ్బ వేరు.

తెలుగువారిలో దేహబలానికి పర్యాయపదమైనవాడు కోడి రామమూర్తి నాయుడు. 1880లలో వీరఘట్టంలో పుట్టాడు. అది ఆనాడు విశాఖపట్టణం జిల్లా, నిన్న మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా. (జిల్లాల మాట వచ్చింది గనుక చెబుతున్నాను, మా మండలం కూడా ఆ యేడే కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాకు మారింది. మా మామిడికి పేరిచ్చిన నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది. చిరునామా వ్రాసేటప్పుడు చేయి ఇంకా 'కృష్ణా' అనే వ్రాస్తుంది.) పినతండ్రి పోలీసు ఉద్యోగి కావడం వల్ల రామమూర్తి విజయనగరంలో పెరిగి, అక్కడి వ్యాయామశాలలో ఆరితేరాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరం ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టరుగా చేరాడు. మన వృత్తివాడే! ఆపై సర్కసు పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకొని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంచి దేశమంతటా పేరు పొందాడు. 'కలియుగ భీముడు', 'ఇండియన్ హెర్క్యులీస్' అన్న బిరుదులు ఆయనవే. శ్రీకాకుళంలో క్రీడామైదానానికి ఆయన పేరుంది, విశాఖ సముద్రతీరంలో విగ్రహం ఉంది.

ఆ కథను పిల్లలకు చెప్పేటప్పుడు మేము ఏనుగు దగ్గరే ఆపేసేవాళ్ళం. తరువాతి భాగం చెప్పేవాళ్ళం కాదు. పుండు లేచి, మానక, చివరికి ఆయనకు ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. మత్తుమందు పుచ్చుకోకుండా ప్రాణాయామంతో ఆ శస్త్రచికిత్సను భరించాడని చెప్పుకుంటారు. ఒడిశాలోని ఒక సంస్థానాధీశుని ఆదరణలో 1942లో కన్నుమూశాడు. ఏనుగును మోసిన దేహం ఒక పుండు ముందు ఓడింది. బలం వేరు, పాదరక్షణ వేరు అనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

రామమూర్తిని 'ఇండియన్ శాండో' అని కూడా అన్నారు. శాండో అంటే యూజెన్ శాండో, ప్రష్యాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన బలశాలి. 1904-05లో మన దేశానికి వచ్చి ప్రదర్శనలిచ్చాడు. చేతుల్లేని బనియనును మనం నేటికీ 'శాండో బనియన్' అంటున్నామంటే ఆయన పలుకుబడి ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆయన చేసిన అసలు పని వేరు. సామును గరిడి నుండి ఇంట్లోకి తెచ్చాడు. పుస్తకం కొనుక్కో, చేతి బరువులు తెప్పించుకో, నీ గదిలోనే అద్దం ముందు నిలబడి చేసుకో అన్నాడు. గురువూ అక్కరలేదు, గోదా అంతకన్నా అక్కరలేదు. మన వైపు ఆ పని చేసినవారు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావు పంత్ ప్రతినిధి. సూర్యనమస్కారాలను ఇంటిల్లిపాదీ, ఆడవారితో సహా, ఇంట్లోనే చేసుకోవాలని ప్రచారం చేశారు. ఆయన ఇంగ్లీషు పుస్తకం 1938లో లండనులో అచ్చయి అక్కడా చదివారు. దీనివల్ల గోదాకు రానివ్వని ఆడపిల్లకు వ్యాయామం దక్కింది. అది చిన్న లాభం కాదు. కానీ గోదాతో పాటు మెత్తని మట్టి పోయింది, "ఒరేయ్, మడమ ఆనించు" అని చెప్పే ఉస్తాదు పోయాడు.

వైద్యగ్రంథాలు ఏమంటాయో చూద్దామని సుశ్రుతసంహిత తీశాను. చికిత్సాస్థానం ఇరవైనాలుగవ అధ్యాయంలో దినచర్య చెబుతూ, వ్యాయామాన్ని తన శక్తిలో సగం మేరకే చేయాలంటాడు. ఊపిరి నోటిదాకా వచ్చినప్పుడు ఆ సగం పూర్తయినట్టు గుర్తట. ఆ అధ్యాయంలోనే చెప్పుల్లేకుండా నడవడం ఆరోగ్యానికీ ఆయుష్షుకూ కళ్ళకూ చేటన్నాడు. చరకుడు కూడా పాదరక్షల గుణాలు వివరంగానే చెప్పాడు, అరికాలికి నూనె రాయడం వల్ల బరుసుదనం, పగుళ్ళు, తిమ్మిరి పోతాయనీ చెప్పాడు. అంటే 'మన పూర్వులు వట్టికాళ్ళతో నడవమన్నారు' అని ఈ మధ్య వాట్సాపులో తిరిగే సందేశాలకు శాస్త్రాధారం లేదు సరికదా, శాస్త్రం తద్విరుద్ధంగా ఉంది! నూనె రాసుకోమన్నారు, చెప్పులు తొడుక్కోమన్నారు. పూర్వులను ప్రమాణంగా చూపేవారు పూర్వులను కొంచెం చదవాలి.

ఇక మా నేల సంగతి. కొండపల్లి దాటి మైలవరం వైపు వెళ్ళే దారిలో మాది ఎర్రనేల. మామిడి, మామిడి, ఎటు చూసినా మామిడి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు. ఏప్రిల్ వస్తే కోతలు మొదలు. చిక్కం కట్టిన గెడతో అందినవి కోస్తారు, అందనివాటికి చెట్టెక్కుతారు. చెట్టెక్కేవాడు వట్టికాళ్ళతోనే ఎక్కాలి. కొమ్మను పట్టుకునేది కాలి బొటనవేలు. చెప్పు వేసుకుంటే జారి పడతాడు. మా ఊరి కోతమనిషి పాదం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వ్రేళ్ళు విసనకర్రలా విడివిడిగా పరచుకొని ఉంటాయి, అరికాలు తోలులా ఉంటుంది. పల్లేరుకాయ గుచ్చుకున్నా ఒంగి చూడడు. కర్ణాటక తీరప్రాంతంలో రావు, జోసెఫ్ అనే ఇద్దరు వైద్యులు 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ప్రకటించారు. చెప్పులు తొడిగే పిల్లల్లో చదును పాదాలు నూటికి 8.6 మందికి, తొడగని పిల్లల్లో 2.8 మందికి ఉన్నాయట. పాదపు వంపు వట్టికాళ్ళతో తిరిగిన పిల్లల్లో బాగా ఏర్పడుతున్నదని దాని సారాంశం. బెంగళూరు ప్రాంతపు వట్టికాళ్ళవారి పాదాలను కొలిచిన బెల్జియం పరిశోధకులు కూడా 2009లో అటువంటి మాటే చెప్పారు. ఆ పాదాలు ముందువైపు వెడల్పుగా ఉంటాయి, బరువు అంతటా సమంగా పడుతుంది.

ఇది చదివి సంబరపడే ముందు, అదే తోటలో అదే పాదానికి జరిగిన మరో సంగతి చెప్పాలి. కొంకిపురుగు. 1898లో ఈజిప్టులో ఆర్థర్ లూస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పురుగు పిల్లలున్న నీటిచుక్క ఒకటి తన చేతి మీద ఒలికి, అక్కడ దురద పుట్టగా, అవి చర్మం గుండానే ఒంట్లోకి పోతాయని కనుక్కున్నాడు. నీడ, తేమ, వదులైన మట్టి, ఆరుబయట మలవిసర్జన, ఈ నాలుగూ ఉన్న చోట దానికి కాపురం. పొద్దున్నే చెంబు పట్టుకొని తోటలోకి పోయే కాలంలో మామిడితోటకంటె దానికి అనువైన చోటేముంది? వ్రేళ్ళ సందుల్లో చొరబడి, ప్రేగుల్లో చేరి, రక్తం పీలుస్తుంది. మనిషి పాలిపోతాడు, పని చేయలేడు, పదిమందిలో సోమరి అనిపించుకుంటాడు. 1920లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌వారు మద్రాసు రాజధానిలో దీని మీద పని చేశారు. వారు చెప్పిన ఉపాయాలు మరుగుదొడ్డి, మందు, చెప్పు. తరగతిలో వెనుక బల్ల మీద నిద్రపోయే పిల్లలను నేనూ ఎందరినో చూశాను. వారి కనురెప్ప క్రింద చూస్తే తెల్లగా ఉండేది. బడుల్లో ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేయడం 2015లో జాతీయ కార్యక్రమం అయ్యాక ఆ తెలుపు తగ్గింది.

మరొకటి కూడా చెప్పక తప్పదు. వట్టికాళ్ళు అందరికీ ఎంపిక కాదు. చెప్పులు కుట్టే కులాలవారు చెప్పులు తొడుక్కొని ఊరి నడివీధిలో నడవకూడదన్న కట్టడి తెలుగు పల్లెల్లో ఉండేది. పెద్దల ఇంటి ముందు చెప్పులు విప్పి చేతబట్టుకొని నడిచేవారు. జాషువా 'గబ్బిలం'లోని కథానాయకుడు ఆ కులంవాడే. ఊరందరి పాదాలనూ ముళ్ళ నుండి కాపాడినవాడి పాదానికే రక్షణ లేదు. అందుచేత 'వట్టికాళ్ళ జీవితం ఎంత సహజం, ఎంత ఆరోగ్యం' అని ఎవరైనా మురిసిపోతూ వ్రాస్తే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. విప్పడానికి ముందు తొడుక్కునే హక్కు ఉండాలి కదా.

ఆటల చరిత్రలోకి వస్తే, మన హైదరాబాదులో మరొక పంతులుగారున్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ మొదలైన బడుల్లో ఉపాధ్యాయుడుగా పని చేసి, ఫుట్‌బాల్ శిక్షకుడైనవాడు. ఆయన మీద 2024లో హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చింది. 1948 లండన్ ఒలింపిక్సులో మన ఆటగాళ్ళలో ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడి, ఫ్రాన్సుతో 2-1 తేడాతో మాత్రమే ఓడారు. చూసినవారు ముక్కు మీద వేలేసుకున్నారు. నాలుగేళ్ళ తరువాత 1952లో హెల్సింకీలో, రహీం శిక్షణలో ఉన్న జట్టే, చాలామంది వట్టికాళ్ళతోనే ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మన పొడి నేల మీద బంతిని మచ్చిక చేసుకున్న వ్రేళ్ళు ఆ చలిదేశపు పచ్చిక మీద పని చేయలేదు. పాదం అదే, నేల మారింది. ఆ తరువాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. రహీం జట్టు బూట్లతో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అప్పటికే ఆయనకు క్యాన్సరు. మరుసటి ఏడాది కన్నుమూశారు.

ఇథియోపియావాడు అబెబే బికిలా 1960లో రోము వీధుల్లో వట్టికాళ్ళతో పరుగెత్తి మారథాన్ గెలిచిన కథను వట్టికాళ్ళ పక్షంవారు తప్పక చెబుతారు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. నిజమే, గొప్ప సంగతే. ఆయనే 1964లో టోక్యోలో బూట్లతో పరుగెత్తి, మూడు నిమిషాలకు పైగా తగ్గించి, మళ్ళీ గెలిచిన సంగతి మాత్రం చెప్పరు. మా ఆంధ్ర ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఆమె కాళ్ళకున్నవి మడమ ఎత్తుగా, అడుగు గట్టిగా ఉండే బూట్లు. బరువులెత్తేవారికి మడమ క్రింద ఆ దన్ను కావాలి. కోడి రామమూర్తికీ మల్లేశ్వరికీ ఉత్తరాంధ్ర ఒక్కటే. మధ్యలో బూటు వచ్చి చేరింది.

బూటు ఎప్పటికీ చేరని విద్య ఒకటి మా పాత జిల్లాలోనే ఉంది. కూచిపూడి. భాగవతులు ఊరి నడిబొడ్డున, దేవాలయం ముందు, మట్టి మీద ఆడేవారు. తరంగం ఆడేవారు పళ్ళెం అంచు మీద నిలిచి లయ పలికిస్తారు. అరికాలు నేలను తట్టడమే అక్కడ భాష. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టాక ఈ విద్య పట్నాలకూ, అక్కడి నుండి అమెరికాకూ పోయింది. ఆట మట్టి మీద నుండి సిమెంటు మీదికి, టైల్స్ మీదికి ఎక్కింది. మట్టి దెబ్బను కొంత మింగుతుంది. సిమెంటు మింగదు, తగిలిన దెబ్బను తిరిగి మోకాలికి పంపుతుంది. ఇంటి హాలులో టైల్స్ మీద సాధన చేసే పిల్లలకు మడమనొప్పి, పిక్కనొప్పి వస్తే తల్లులు నాట్యాన్ని తిడతారు. తిట్టవలసింది నేలను. చెక్క పరచిన నేల మీద సాధన చేయించే గురువులు ఈ సంగతి తెలిసినవారు.

శాస్త్రజ్ఞుల మాట రెండు ముక్కల్లో చెబుతాను. హార్వర్డులో డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో చూపిందేమిటంటే, పుట్టినది మొదలు వట్టికాళ్ళతో పరుగెత్తేవారు పాదం ముందుభాగాన్ని ముందు ఆనిస్తారు, బూట్లవారు మడమను కొడతారు. మొదటివారికి దెబ్బ తక్కువ. ఇది ప్రపంచమంతా వట్టికాళ్ళ వేలంవెఱ్ఱిని లేపింది. వ్రేళ్ళకు వేరువేరుగా తొడుగులున్న పలుచని బూట్లు లక్షల జతలు అమ్ముడయ్యాయి. మూడేళ్ళు తిరగకుండానే, 2013లో, అమెరికాలో మరో బృందం ఆ బూట్లకు మారినవారిని పది వారాలు పరిశీలించి చూస్తే, సగానికి కాస్త పైగా మందికి పాదపు ఎముకల్లో వాపు కనిపించింది. ఆ బూట్లు చేసే వైబ్రమ్ కంపెనీ ప్రకటనల మీద దావా పడగా 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీపడింది. ఇందులో పరస్పర విరోధం ఏమీ లేదు. జన్మంతా వట్టికాళ్ళతో ఉన్నవాడి పాదం వేరు, నలభై ఏళ్ళు బూట్లలో పెట్టిన పాదం వేరు. మొదటిది పండిన కాయ, రెండవది మగ్గబెట్టిన కాయ అని మా ఊళ్ళో చెబితే అందరికీ తెలుస్తుంది. నెమ్మదిగా, రోజుకు కొద్ది నిమిషాలు, చాప మీదనో దుప్పటి మడత మీదనో మొదలుపెట్టినవారికి పాదపు చిన్న కండలు గట్టిపడడం, నిలకడ కుదరడం నిజమైన లాభాలే. ఆసనాల్లో ఒంటికాలి మీద నిలవాలంటే అరికాలికి నేల తెలియాలి. గెంతులు, తాడాట మాత్రం టైల్స్ మీద వట్టికాళ్ళతో వద్దు. తడి నేల అసలే వద్దు. మంచం కోడు దగ్గర బస్కీలు తీసి చిటికెనవేలు విరగ్గొట్టుకున్నవారి సంఖ్య ఏ పరిశోధనలోనూ లేదు గాని, నాకు తెలిసినవారే ముగ్గురున్నారు.

2020లో అందరం ఇళ్ళలో బందీలమైనప్పుడు నేనూ ఇంట్లో సూర్యనమస్కారాలు మొదలుపెట్టాను. ప్రొద్దున డాబా మీద నడక, తరువాత హాలులో చాప వేసుకొని పన్నెండు నమస్కారాలు. నాకు చక్కెర వ్యాధి వచ్చి అప్పటికి పదేళ్ళు దాటింది. రెండేళ్ళ క్రిందట వైద్యులొకరు నా కళ్ళు మూయించి, సన్నని నైలాను పోగుతో అరికాలి మీద అక్కడక్కడ తాకుతూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. పిల్లలకు నోటిలెక్కలు పెట్టినట్టు ఉంది నాకు. గబగబా 'ఆ, ఆ' అంటున్నాను. మధ్యలో కొంతసేపు ఆయన ఊరుకున్నారనుకున్నాను. ఊరుకోలేదట, రెండు చోట్ల తాకారట. ఎడమ బొటనవేలి క్రింద ఒకటి, దాని ప్రక్కన ఒకటి. ఆ రెండు చోట్లా నా పాదం నాతో మాట్లాడడం మానేసింది.

మరి అటువంటి పాదానికి వట్టికాళ్ళ వ్యాయామం మంచిదా? దీనికి సమాధానం వెదకుతూ పోతే పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కనిపించాడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి కుష్ఠురోగుల చేతులకూ కాళ్ళకూ చికిత్స చేసినవాడు. రోగం వ్రేళ్ళను తినడం లేదని, నొప్పి తెలియకపోవడం వల్ల రోజూ తగిలే చిన్న దెబ్బలే వాటిని తింటున్నాయని ఆయన గ్రహించాడు. ముల్లు గుచ్చుకున్నా కుంటని మనిషి ఆ ముల్లు మీదే రోజంతా నడుస్తాడు. నొప్పి దేవుడిచ్చిన వరమని పుస్తకమే వ్రాశాడు. కుష్ఠురోగుల కోసం వేలూరు వంటి చోట్ల చేసిన మెత్తని రబ్బరు చెప్పులు, ఎం.సి.ఆర్. చెప్పులంటారు, ఇప్పుడు చక్కెర వ్యాధివారికి ఇస్తున్నారు. స్పర్శ తగ్గినవారు ఇంటి లోపలా బయటా కూడా వట్టికాళ్ళతో నడవరాదని నేటి అంతర్జాతీయ వైద్యమార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మేజోళ్ళొక్కటే తొడుక్కున్నా చాలదట. రోహిణీకార్తెలో డాబా మీద నడిచి అరికాళ్ళు బొబ్బలెక్కినా సాయంత్రం దాకా తెలియనివారు మా మండలంలోనే ఉన్నారు. ముసలివారి జారిపాట్ల మీద బోస్టనులో జరిగి 2010లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఇంట్లో పడినవారిలో సగానికి పైగా ఆ సమయానికి వట్టికాళ్ళతోనో, మేజోళ్ళతోనో, వదులు చెప్పులతోనో ఉన్నారు.

వైద్యులు చెప్పింది సులువుగానే ఉంది. కూర్చొని, పడుకొని చేసేవి చాప మీద వట్టికాళ్ళతో చేసుకోవచ్చు. నిలబడి చేసేవి మెత్తని చాప మీద, గెంతకుండా, నెమ్మదిగా. చాప దిగితే చెప్పులు. రాత్రి పడుకోబోయే ముందు అద్దం పెట్టుకొని అరికాళ్ళు చూసుకోవాలి. ఇందులో మా ఇంట్లో చిక్కు వచ్చింది 'చాప దిగితే చెప్పులు' అన్న దగ్గర.

"ఏమండీ, నట్టింట్లో చెప్పులేమిటండీ? లక్ష్మి నిలుస్తుందా?" అంది మా ఆవిడ. నేను శాస్త్రచర్చకు దిగాను. పూర్వం పెద్దలు ఇంట్లో పాంకోళ్ళు వేసుకొని తిరిగేవారు కాదా, మీ తాతగారి పాంకోళ్ళు మీ పుట్టింట్లో నేను చూశాను కదా, అవి చెప్పులు కావా అన్నాను. "అవి కొయ్యవి, ఇవి ఏమిటో" అంది. "రబ్బరువే, తోలు కాదు" అన్నాను. కాసేపు ఆలోచించి, ఆ జత గుమ్మం దాటి బయటికి పోకూడదనీ, దేవుడి గదిలోకీ వంటింట్లోకీ రాకూడదనీ తీర్పు చెప్పింది. వంటింటి గడప దగ్గర విప్పి లోపలికి పోయే ఆ నాలుగడుగుల కోసం తనే ఒక గోనెపట్టా కుట్టి పరచింది. దాని మీద నడుస్తుంటే కుడికాలికి గరగరగా తెలుస్తుంది. ఎడమకాలికి కొంత తెలుస్తుంది, కొంత తెలియదు.

ఈ టపా చదివినవారిలో తాలింఖానా చూసినవారో, మీ ఇంట్లో పెద్దలెవరైనా సాము చేసినవారో ఉంటే, ఆ గోదా మట్టి ఎక్కడినుండి తెచ్చేవారో, అందులో ఏమేమి కలిపేవారో అడిగి తెలుసుకొని వ్యాఖ్యలో వ్రాయగలరు. విజయనగరం, మచిలీపట్టణం, పాత హైదరాబాదువారు మరీ ముఖ్యంగా. మా వైపు గోదాలు పోయి చాలాకాలమైంది, వాటి స్థలాల్లో ఇళ్ళు లేచాయి, ఆ ఇళ్ళలో టైల్స్ వేశారు.